నైరుతిలో తవ్వని గొయ్యి

నేను స్విచ్‌లు బిగిస్తానంటే మా చుట్టాలు ఇప్పటికీ గోడ మీది లైటు స్విచ్చే అనుకుంటారు. ఒక పెళ్ళిలో మా పెద్దమ్మ అందరి ముందూ పిలిచి, తన వంటింట్లో ఫ్యాను స్విచ్చి నొక్కితే రవ్వలు వస్తున్నాయనీ, భోజనం అయ్యాక ఒకసారి చూసి వెళ్ళమనీ అంది. వెళ్ళాను, బాగుచేశాను. నా చదువు మీద మావాళ్ళకి గట్టి నమ్మకం కుదిరింది ఆ ఒక్కరోజే.

నేను బిగించేది వేరు. ఫ్యాక్టరీలో యంత్రాలు ఒకదానికొకటి కబుర్లు పంపుకోవాలి. ఎక్కడ ఎంత వేడి ఉంది, ఏ మోటారు తిరుగుతోంది, ఏ వాల్వు తెరవాలి, ఇలాంటివి. ఆ కబుర్లు మోసే తీగలన్నీ వచ్చి చేరే ఇనప డబ్బా పేరు స్విచ్. ఇంట్లో ఇంటర్నెట్ డబ్బాకి ఇది మొరటు చుట్టం. దీనికి ఫ్యాను ఉండదు. ఉంటే మా ప్రాంతంలో పత్తి పీచునీ మిరప దుమ్మునీ లోపలికి పీల్చుకుని నెల తిరక్కుండా చస్తుంది. దాన్ని పెట్టెలో బిగించి, చిరునామా ఇచ్చి, ఎవరి కబురు ఎవరికి చేరాలో ఎవరికి చేరకూడదో లాప్‌టాప్‌లో రాసి, పరీక్షించి, సంతకం పెట్టి రావడం నా పని. గుంటూరు నుంచి దర్శి దాకా జిన్నింగు మిల్లులూ కోల్డ్ స్టోరేజీలూ తిరిగి తిరిగి నా ముక్కుకి మిరప ఘాటు తెలియడం మానేసి చాలా కాలమైంది.

నర్సరావుపేట రోడ్డులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉంది. పాతదాన్ని పెంచి, అంతా ఆటోమేటిక్ చేస్తామని ఓనరు మా కంపెనీకి పని ఇచ్చాడు. వెనకవైపు పెద్ద పెద్ద గదులు, వాటిని ఛాంబర్లు అంటారు. వాటి నిండా రైతుల మిరప బస్తాలు. ముందువైపు కంప్రెసర్ గదీ, దాని పక్కనే కంట్రోల్ రూమూ. ఛాంబర్లలో ఎంత చల్లగా ఉందో కంట్రోల్ రూములో తెర మీద కనబడాలి. కావలసినంత చల్లదనం లోపలికి వదిలే వాల్వులు వాటంతట అవే తెరుచుకోవాలి, మూసుకోవాలి. మధ్యలో ఆ కబుర్లు మోసే తీగలూ స్విచ్‌లూ నావి.

ఆ కంప్రెసర్ల దగ్గర ఒక ఆపరేటరు ఉండేవాడు. ఆయనకి అప్పటికే యాభై అయిదు దాటాయి. ఊరు నల్లపాడు. నేను మొదటిరోజే బాబాయ్ అన్నాను, ఆయన బాబూ అన్నాడు, అంతే, వరస కలిసిపోయింది. రోజుకి మూడుసార్లు, మే నెల ఎండలో కూడా, మంకీ క్యాపు పెట్టుకుని దుప్పటి కప్పుకుని ఒక్కో ఛాంబరు తలుపూ తీసుకుని లోపలికి వెళ్ళేవాడు. కాసేపు నిలబడేవాడు. బస్తాల సందులో మోచేయిదాకా చెయ్యి దూర్చేవాడు. బయటికి వచ్చి వాల్వు తిప్పేవాడు. థర్మామీటరు ఉండగా ఇదంతా ఎందుకని అడిగితే నవ్వేవాడు.

"అది అది ఉన్నచోట చలి చెబుతుంది బాబూ. బస్తా లోపల చలి నా చెయ్యి చెబుతుంది."

నాకు అది చాదస్తంగా కనబడింది. పాలిటెక్నిక్ చదివినవాడికి చెయ్యి చెప్పే సంగతులు చాదస్తంగానే కనబడతాయి.

ఇక రింగు సంగతి చెప్పాలి. తీగ ఒక్కటే ఉంటే, అది ఎక్కడ తెగినా అవతలివన్నీ మూగబోతాయి. అందుకని రెండు దారుల్లో తీగ వేసి చుట్టూ కలిపేస్తాం. ఊరికి రెండు రోడ్లు ఉన్నట్టు. ఒక రోడ్డు కోసుకుపోతే కబురు రెండో రోడ్డున తిరిగి వస్తుంది. దాన్నే రింగు అంటాం. నా డ్రాయింగులో మొదటి తీగ కంట్రోల్ రూము నుంచి బయల్దేరి ఈశాన్యం మూల మీదుగా ఉత్తరం గోడ వెంబడి ఛాంబర్లకి చేరుతుంది. రెండోది ఛాంబర్ల నుంచి నైరుతి మూల తిరిగి, దక్షిణం గోడ వెంబడి వెనక్కి వస్తుంది. రెండింటికీ భూమిలో మోకాటి లోతు గొయ్యి తవ్వి, పైపు వేసి పూడ్చాలి.

ఈశాన్యం వైపు తవ్వడం ఒక్కరోజులో అయిపోయింది. మర్నాడు నైరుతి మూలలో గడ్డపార దిగీ దిగకముందే ఓనరు పరుగున వచ్చాడు. వెనకాలే సిద్ధాంతి గారు, చేతిలో దిక్సూచీ, చంకలో మడిచిన ప్లానూ.

"నైరుతిలో గొయ్యేంటయ్యా" అన్నాడు ఓనరు. "నైరుతి ఎత్తుగా ఉండాలి, బరువుగా ఉండాలి. గొయ్యి పడితే యజమానికి గండం. నీకు ఎవరూ చెప్పలేదా?"

"మోకాటి లోతేనండి. సాయంత్రానికి పూడ్చేస్తాం" అన్నాను.

"పూడ్చినా పల్లం పల్లమే" అన్నారు సిద్ధాంతి గారు. పోనీ గోడ మీదుగా ఇనప పట్టీ కట్టి తీసుకెళ్తానంటే, గోడకి చిల్లులు పడతాయి కదా, నైరుతి గోడకి చిల్లు మరీ దోషం అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. డాక్టరు పథ్యం చెప్పినట్టు చెప్పారు.

"రెండూ ఈశాన్యంలోనే వెయ్యి. గొయ్యి ఎలాగూ తీశావుగా" అన్నాడు ఓనరు.

"అలా వేస్తే రింగు వేసిన లాభం లేదండి. ఒక దెబ్బకి రెండూ తెగుతాయి."

"ఎవడు తెంపుతాడయ్యా, నా కాంపౌండులో? గేటుకి మనిషి ఉన్నాడు, చుట్టూ గోడ ఉంది."

నేను ఇంకోసారి చెప్పాల్సింది. పదిసార్లు చెప్పాల్సింది. కాగితం మీద రాసి, చదివినట్టు ఆయన చేత సంతకం పెట్టించుకోవాల్సింది. కానీ గృహప్రవేశం లాగా ప్రారంభానికీ ఒక ముహూర్తం పెట్టుకున్నారు, ఆ తేదీ తరుముకొస్తోంది. పైగా ఓనరు బావమరిదికి దర్శి దగ్గర స్పిన్నింగు మిల్లు ఉంది, ఆ పని కూడా మాకే వస్తుందని మా మేనేజరు ఆశ. నేను తల ఊపాను. రెండు తీగలూ ఒకే నారింజ రంగు పైపులో దూర్చి, ఒకే గోతిలో పెట్టి పూడ్పించాను. లాప్‌టాప్ తెర మీద మాత్రం రింగు గుండ్రంగా, ముచ్చటగా కనబడింది. దానికి వాస్తు తెలియదు, గొయ్యీ తెలియదు.

ప్రారంభం రోజున ఓనరు కోరిక మీద అందరి ముందూ పరీక్ష చేసి చూపించాను. పెట్టెలో ఒక తీగ పీకాను. తెర మీద అంకెలు కదల్లేదు, కబుర్లన్నీ రెండో తీగ మీదుగా వచ్చేశాయి. చప్పట్లు కొట్టారు. అది మళ్ళీ పెట్టి రెండోది పీకాను, మళ్ళీ చప్పట్లు. రెండూ ఒకేసారి పీకితే ఏమవుతుందో చూడలేదు. వేర్వేరు దారుల్లో వెళ్ళే తీగలు ఒకేసారి తెగవు కాబట్టి ఆ పరీక్ష మా రిపోర్టు కాగితంలో లేదు. ఆ కాగితంలోనే "తీగలు రెండు వేర్వేరు దారుల్లో వేయబడినవి" అని ఒక వరస ఉంది. దానికి ఎదురుగా టిక్కు పెట్టి, కింద సంతకం చేశాను. అబద్ధమని తెలిసే చేశాను.

ఆ రోజే నేను ఇంకో మంచిపని కూడా చేశాను. బాబాయి తలుపులు తీసినప్పుడల్లా లోపలి చలి బయటికి పోతోందనీ, ఇక ఆ అవసరం లేదనీ ఓనరుకి చెప్పాను. ఆయనకి ఆ మాట ఎంత నచ్చిందంటే, సాయంత్రానికల్లా ఛాంబర్ల తాళాలు ఆఫీసు బీరువాలోకి వెళ్ళిపోయాయి. బాబాయికి ఒక తిరిగే కుర్చీ ఇచ్చి తెర ముందు కూర్చోబెట్టారు. మంకీ క్యాపు తీసి జేబులో పెట్టుకుని ఆయన ఆ అంకెల వంక చూస్తూ కూర్చున్నాడు.

"ఇక హాయిగా కూర్చో బాబాయ్. అదే చెబుతుంది నీకు అన్నీ" అన్నాను.

"చెబితే మంచిదేగా" అన్నాడు.

మరుసటి ఎండాకాలం వచ్చింది. బోరులో నీళ్ళు తగ్గాయి. నీళ్ళ తొట్టి కట్టాలన్నారు. నీళ్ళు ఎక్కడ ఉండాలో మా వైపు చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఈశాన్యంలో గొయ్యి శుభం. సిద్ధాంతి గారు ముహూర్తం పెట్టారు. ఒక శనివారం పొద్దున ఈశాన్యం మూలలో కొబ్బరికాయ కొట్టి ఓనరు పొరుగూరి పెళ్ళికి వెళ్ళిపోయాడు, జేసీబీకి పసుపు బొట్లు పెట్టి పని మొదలుపెట్టారు. రెండో దెబ్బకో మూడో దెబ్బకో నారింజ రంగు పైపు ముక్కలుగా పైకి వచ్చిందట. పాత నీళ్ళ పైపేదో అనుకుని డ్రైవరు దాన్ని మట్టితో పాటు పక్కకి తోసేశాడు. అతని తప్పేం లేదు. అక్కడ తీగ ఉందని చెప్పే పలక పాతమని నేను ఎవరికీ చెప్పలేదు.

రెండు తీగలూ ఒక దెబ్బకే పోయాయి. కబురు అందకపోతే ఛాంబర్లలో వాల్వులు వాటంతట అవే మూసుకుంటాయి, అది భద్రత కోసం పెట్టిన ఏర్పాటు. చల్లదనం లోపలికి వెళ్ళడం ఆగిపోయింది. తెర మాత్రం చివరగా అందిన అంకెనే చూపిస్తూ ఉండిపోయింది. ఆరు డిగ్రీలు. ఆ తెర నా పని కాదు, వేరే కంపెనీ వాళ్ళది. ఈ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. నా స్విచ్ మాత్రం తన పని తను చేసింది. దాని మీద ఎర్ర దీపం రెండు రోజులు వెలుగుతూనే ఉంది. ఎవరూ ముట్టుకోకుండా ఆ పెట్టెకి తాళం వేయించింది నేనే.

ఆ శనివారం మధ్యాహ్నం నేను వినుకొండలో ఒక జిన్నింగు మిల్లులో నిచ్చెన మీద ఉన్నాను. బాబాయి ఫోను చేశాడు.

"బాబూ, మిషను తేలిగ్గా తిరుగుతోంది. పొద్దున ఉన్న బరువు లేదు దానికి."

"తెర మీద ఎంతుంది?"

"ఆరు చూపిస్తోంది. నాలుగు గదులూ పొద్దుట్నించీ ఆరే. కదలటంలా."

"కదలకపోతే మంచిదేగా బాబాయ్."

"అది కాదు బాబూ. ఓనరు గారు పెళ్ళికెళ్ళారు, తాళాలు లేవు. ఓ మాట నువ్వు ఫోన్ చేసి చెబితే గుమాస్తా బీరువా తీస్తాడు. ఒక్క గది చూసొస్తా."

కింద మిల్లు మేస్త్రీ నా కోసం ఎదురుచూస్తున్నాడు. నెత్తి మీద రేకులు కాగిపోతున్నాయి. కళ్ళలో పత్తి పీచు. నాకు విసుగొచ్చింది. అప్పుడు నేనన్న మాటలు నాకు బాగా గుర్తున్నాయి. "తెర ఆరంటే ఆరే. ఎండలో తలుపులు తీసి ఉన్న చలి పోగొట్టకు. నన్ను పని చేసుకోనీ."

"సరే బాబూ" అని పెట్టేశాడు. నాలుగు గదుల్లో ఒకే అంకె పొద్దుట్నించీ కదలకుండా ఉండటం ఎక్కడైనా జరుగుతుందా? ఏ చదువూ లేని ఆయనకి అది తప్పని తోచింది. నాకు తోచలేదు. తోచేంత సేపు నేను వినలేదు.

సోమవారం పొద్దున ఒక రైతు బస్తాలు తీసుకెళ్ళడానికి ట్రాక్టరు కట్టుకుని వచ్చాడు. తలుపు తీస్తే మొహానికి కొట్టాల్సిన చలి కొట్టలేదు. గొట్టాల మీద పేరుకున్న మంచు అంతా కరిగి పై వరస బస్తాల మీద కారింది. తడిసిన గోనె వాసన, దాని కింద మగ్గిన మిరప వాసన. పంట చేతికొచ్చాక పోవడమంటే ఏంటో నాకు తెలుసు, మా నాన్న పొగాకు పండించాడు. తడిసిన కాయ మచ్చ పడుతుంది, మచ్చ పడ్డ కాయ తాలుతో సమానం. ఆ రైతు ఎవరినీ తిట్టలేదు. ఒక బస్తా కుట్టు విప్పి, కాయలు చేతిలోకి తీసుకుని, చాలాసేపు వాటినే చూశాడు.

నన్ను పిలిపించారు. నేను వెళ్ళేసరికి ఆఫీసు గదిలో ఓనరు కుర్చీలో ఉన్నాడు, బాబాయి తలుపు పక్కన నిలబడ్డాడు. దారిలోనే మా మేనేజరు ఫోను చేసి, రిపోర్టు చూపించు, ఇంకేం మాట్లాడకు అన్నాడు. నేను ఈశాన్యం వైపు ఒకసారి తిరిగి చూసుకుని మరీ లోపలికి వచ్చాను. మట్టి కుప్పలో నారింజ ముక్కలు కనబడుతూనే ఉన్నాయి. ఓనరు కూడా వాటిని చూసే ఉంటాడు. వాటి గురించి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఎత్తితే నైరుతి దాకా వెళ్ళాలి. అక్కడిదాకా వెళ్ళడం ఆయనకీ ఇష్టం లేదు, నాకూ ఇష్టం లేదు.

"రెండు రోజులు మిషను తేలిగ్గా తిరుగుతుంటే నీకు తెలవలా? ఇన్నేళ్ళ సర్వీసు ఏం చేశావు?" అన్నాడు ఓనరు బాబాయితో.

"తెలిసిందండి" అన్నాడు బాబాయి.

"తెలిస్తే ఎవరికి చెప్పావు?"

బాబాయి నా వైపు చూశాడు. బెదిరింపుగా కాదు, బతిమాలుతున్నట్టు కూడా కాదు. మాట్లాడే వంతు నాది అన్నట్టు చూశాడు. నేను బ్యాగులోంచి రిపోర్టు తీసి బల్ల మీద పెట్టాను.

"మా పరీక్షలన్నీ సరిగ్గానే ఉన్నాయండి. రెండు దారులూ మీ ముందే చూపించాం" అన్నాను.

ఓనరు ఆ కాగితం తిరగేసి, నా సంతకం చూసి, తృప్తిగా పక్కన పెట్టాడు. ఆయనకి కావలసింది అదే. తన మూల తప్పు కాదు, తను కొన్న సామాను తప్పు కాదు. ఇక మిగిలిన మనిషి ఒక్కడే. మౌనం అర్ధాంగీకారం అంటారు. ఆ లెక్కన మాట్లాడి మరీ చెప్పిన నాది పూర్తి అంగీకారమే.

"ఎవరికీ చెప్పలేదండి" అన్నాడు బాబాయి.

ఆ సాయంత్రమే ఆయన్ని పంపేశారు. రైతులు వచ్చి గొడవ చేస్తే, నిద్రపోయిన ఆపరేటరుని తీసేశామని చెప్పారు. ఆ మాట మార్కెట్ యార్డు దాకా పాకింది. ఇంకే కోల్డ్ స్టోరేజీ వాళ్ళూ ఆయన్ని పెట్టుకోలేదు. ఎవరు తీసిన గోతిలో వారే పడతారంటారు. మేము తియ్యని గోతిలో ఆయన పడ్డాడు.

నాకు దర్శి మిల్లు పని వచ్చింది. అక్కడ పత్తి దుమ్ములో నెలన్నర పనిచేశాను. ప్రతి గొయ్యి దగ్గరా పలక పాతించాను. అలా పాతిస్తే ఏదో తీరిపోతుందన్నట్టు. ఏమీ తీరలేదు. చివరికి ఒక ఆదివారం పొద్దున్నే బయల్దేరి నల్లపాడు వెళ్ళాను. దారంతా ఏం చెప్పాలో అనుకుంటూ వెళ్ళాను. తప్పు నాదని ఓనరు ముందు చెబుతాను, రాసిస్తాను, నాతో రా బాబాయ్ అని.

స్టేషను వెనక సందులో ఆయన ఇల్లు. వరండాలో కూర్చుని పాత టేబుల్ ఫ్యాను విప్పి బాగుచేస్తున్నాడు. చుట్టుపక్కల వాళ్ళవి ఫ్యాన్లూ మిక్సీలూ తెచ్చి ఇస్తున్నారట. నన్ను చూసి లేచి కుర్చీ వేశాడు. ఆయన భార్య గుమ్మంలోకి వచ్చి నన్ను ఎగాదిగా చూసింది.

"ఈయనేనా?" అంది.

"ఈయనే. మంచినీళ్ళు తీసుకురా" అన్నాడు బాబాయి.

ఆమె తేలేదు. "గొంతు విని పెద్దాయన అనుకున్నా" అని లోపలికి వెళ్ళిపోయింది. నాకు అర్థం కాలేదు. బాబాయి చేతులు తుడుచుకుని జేబులోంచి ఫోను తీశాడు.

"ఈ ఫోన్లో ఎవరితో మాట్లాడినా అదే రికార్డు అయిపోద్ది బాబూ. కొన్నప్పట్నించీ అంతే" అంటూ వేలితో పైకీ కిందకీ జరుపుతూ వెతికాడు. తేదీ చూశాడు. నొక్కాడు.

వరండాలో నా గొంతు వినబడింది. నేననుకున్న దానికన్నా కటువుగా ఉంది. తెర ఆరంటే ఆరే. నన్ను పని చేసుకోనీ. ఆ తరువాత ఆయన గొంతు, సరే బాబూ అని, మెత్తగా.

"ఆ రోజు ఆఫీసులో ఇది నీ జేబులోనే ఉందా?" అన్నాను.

"ఉంది."

"మరి ఎందుకు వినిపించలేదు బాబాయ్?"

"నువ్వు ఎదురుగానే ఉన్నావుగా. నువ్వే చెబుతావనుకున్నా." స్క్రూ డ్రైవరు తీసుకుని కాసేపు ఫ్యాను రెక్కల వైపు చూశాడు. "మా ఆవిడ రోజూ ఇది పెట్టుకుని వింటోంది. ఓనరు దగ్గరికి పట్టుకెళ్ళమని పోరు. నాకు ఇంట్లో మనశ్శాంతి లేదు. దీన్ని తీసేయడం నాకు చేతకావటంలా. నువ్వు తీసెయ్ బాబూ."

ఫోను నా చేతిలో పెట్టాడు.

దారంతా అనుకున్న మాటలు పక్కన పెట్టి నేను ఆ తెర వంక చూశాను. ఓనరుకి పంపాలంటే రెండు సార్లు నొక్కితే చాలు, ఆయన నంబరు అందులోనే ఉంది. తీసేయాలన్నా రెండు సార్లు నొక్కితే చాలు. నిజంగా తీసెయ్యమంటావా అని ఫోను ఒకసారి అడిగింది. నేను తీసేశాను. ఫోను తిరిగి ఇస్తే ఆయన తెర వంక చూసి, జేబులో వేసుకుని, "సరే బాబూ" అని ఫ్యాను పనిలో పడ్డాడు.

నేను పెద్ద సాయం చేసినట్టే లేచి వచ్చేశాను. అన్నిట్లోంచి వెతికి, తేదీ చూసి, అదే తీసి వినిపించడం వచ్చినవాడికి దాన్ని తీసేయడం రాదా అన్న ఆలోచన తిరుగు దారిలో పేరేచర్ల దాటేదాకా నాకు రాలేదు.